అప్పన్న స్థలానికి నేను కట్టిన వెల

మా ఉద్యోగం పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. అర్థమయ్యాక ఎవరూ కూర్చోమనరు. టౌన్ కౌన్సిల్లో భూములకి విలువ కట్టేవాణ్ణి నేను. ఆ విలువను బట్టే ఇళ్ళవాళ్ళు ఏటా కౌన్సిల్‌కి కట్టాల్సిన పన్ను తేలుతుంది. ఇండియాలో దాన్ని ఆస్తిపన్ను అంటారట. ఫీజీలో మేమందరం రేట్స్ అంటాం. ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏట ఉద్యోగంలో చేరాను. యాభై అయిదు నిండగానే ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపించారు. అది ఇప్పటికీ పెట్టెలోనే ఉంది, గోడకి కొట్టాలనిపించలేదు.

కౌన్సిల్ పేరు రాయను. మా పెద్ద దీవి విటీ లెవూలో సముద్రం పక్కన ఒక పట్టణం అనుకోండి చాలు. మా అసలు ఊరు ఇంకో దీవిలో, లంబాసా దగ్గర టాబియా. మా నాన్న అక్కడ చెరకు వేసేవాడు. ఇంట్లో తెలుగు, బజారులో ఫీజీ హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, అలా పెరిగాను. ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నావని మా ఆవిడ అడిగింది. ఇంగ్లీషులో మొదలుపెడితే రిపోర్టులా వస్తోంది. ముప్పై అయిదేళ్ళు రిపోర్టులు రాశాను. ఈ సంగతి వాటిలో ఒక్కదానిలో కూడా లేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి మీకు మీ పైవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనిది నేను చెబుతాను.

ఇల్లు కనపడకూడదు

నాకు పని నేర్పినవాడు హార్‌గ్రీవ్ అనే న్యూజిలాండ్ దొర. మంచివాడే. మొదటి రోజు నన్ను ఒక వీధిలోకి తీసుకెళ్ళి, ఒక రేకుల ఇంటి ముందు నిలబెట్టి, ఏం కనపడుతోందని అడిగాడు. ఇల్లు కనపడుతోంది, తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, బొప్పాయి చెట్టుంది, అరుగు మీద ఒక ముసలావిడ బియ్యం ఏరుతోంది అన్నాను. తప్పన్నాడు. నీకు కనపడాల్సింది ఉత్త నేల, ఇల్లు లేదనుకో, చెట్టు లేదనుకో, ఆవిడ లేదనుకో, అప్పుడీ నేలని ఎవడైనా ఎంతకి కొంటాడో అది చెప్పు అన్నాడు.

మా చట్టం అలాంటిది. రేట్స్ వేసేది ఇంటి మీద కాదు, ఇంటి కింద ఉన్న నేల మీద. ఒకే వీధిలో ఒకే కొలత ఉన్న రెండు స్థలాల్లో ఒకదాని మీద రేకుల గది, రెండోదాని మీద మూడంతస్తుల ఫ్లాట్లు ఉన్నా ఇద్దరూ కట్టేది ఒకటే. హార్‌గ్రీవ్ దీన్ని గొప్ప న్యాయం అనేవాడు. కట్టుకున్నవాణ్ణి శిక్షించకూడదు, ఖాళీగా ఉంచుకున్నవాణ్ణి కదిలించాలి అనేవాడు. పుస్తకంలో బాగానే ఉంటుంది. మా ఊళ్ళో మాత్రం కదిలినవాళ్ళందరూ రేకుల గదులవాళ్ళే.

ఇంకో సంగతి కూడా మొదటే తెలుసుకోండి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే గొడవంతా దాని మీదే ఉంది. ఆరేళ్ళకోసారి ఊరంతటికీ విలువలు కొత్తగా కడతాం. అందరి విలువా ఒకేలా పెరిగితే ఎవరి రేట్సూ పెరగనక్కర్లేదు. డాలరుకి ఇన్ని సెంట్లు అన్నదాన్ని కౌన్సిల్ తగ్గించుకుంటే సరిపోతుంది. మిగతా ఊరికన్నా ఒక వీధి విలువ ఎక్కువ పెరిగితే మాత్రం ఊరి బరువులో కొంత ఆ వీధి నెత్తిన పడుతుంది. ఏ వీధి నెత్తిన పడాలో నిర్ణయించేది కౌన్సిలర్లు కాదు. ఎండలో టేపు పట్టుకుని తిరిగే మీరు.

మనవాడు అన్న మాట

చేరిన అయిదారేళ్ళకి ఒక చిన్న తప్పు జరిగింది. నిజానికి అది తప్పు కూడా కాదు. వాగు ఒడ్డున మన తెలుగాయన ఒకరికి స్థలం ఉండేది. వానాకాలం వస్తే సగం నీళ్ళలో మునిగేది. ఆ సగానికి విలువ తగ్గించాను. ఎవరైనా తగ్గించాల్సిందే. కానీ ఆయన ఆ సంతోషంలో దీపావళికి ఒక పళ్ళెం నిండా మిఠాయిలు పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. "మనవాడు ఉంటే ఇట్లా ఉంటాది" అని కౌంటర్ దగ్గర నలుగురూ వినేలా అన్నాడు.

అంతే. మర్నాటినుంచి ఆఫీసులో గుసగుసలు. హార్‌గ్రీవ్ నన్ను పిలిచి, నీ లెక్క సరైనదే, కానీ ఇకమీద మీవాళ్ళ స్థలాల విషయంలో నువ్వు మరింత జాగ్రత్తగా కనపడాలి అన్నాడు. జాగ్రత్తగా ఉండాలి అనలేదు, కనపడాలి అన్నాడు. ఆ మాట నాలోకి ముల్లులా దిగింది. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు మనవాళ్ళ ఫైలు వచ్చిందంటే ఒకటికి రెండుసార్లు చూసి, అనుమానం ఉన్నచోటల్లా ఎక్కువ వైపే మొగ్గాను. దాన్ని నిజాయితీ అనుకున్నాను. భయం అని తెలియడానికి ఒక మనిషి ఇల్లు పోవాల్సి వచ్చింది.

టాబియానుంచి వచ్చినవాళ్ళు

చెరకు భూముల లీజులు అయిపోవడం మొదలైన ఏళ్ళవి. ముప్పై ఏళ్ళు దున్నిన నేలని వదిలి లేచిపొమ్మంటే జనం మూటలు కట్టుకుని పట్టణాలకి వచ్చేవాళ్ళు. భూమి సొంతదారులైన ఫీజీ తెగలది, గడువు కాగితంలో రాసి ఉంది, ఎవర్నీ తప్పు పట్టలేం. అయినా చేతులతో చదును చేసిన నేల కదా.

అప్పన్న అలా టాబియానుంచి వచ్చాడు. మా నాన్న పొలానికి రెండు పొలాల అవతల వాళ్ళది. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నన్ను చెరకు బండి మీద ఎక్కించుకున్నవాడు. నేను అన్నా అంటాను, ఆయన భార్య నరసమ్మని వదినా అంటాను. అప్పన్న దగ్గర ముప్పై ఏళ్ళ కష్టం డబ్బు రూపంలో కొంత ఉంది. అందరూ చెప్పినట్టే ఆలోచించాడు. పట్టణంలో సొంతానికి ఒక స్థలం కొని, నాలుగు ఫ్లాట్లు కట్టి, ఒకదాంట్లో ఉండి మూడు అద్దెకిచ్చుకుంటే జీవితం గడిచిపోతుంది. పైగా అది లీజు కాదు. "ఇంక ఎవ్వరూ వచ్చి లేచిపో అనని నేల కావాలి, నారాయణా. అంతే. ఇంకేం వొద్దు" అన్నాడు నాతో.

ఆ స్థలం అమ్మినవాడు నరసమ్మ సొంత అన్న సన్యాసి. పట్టణంలో పాతికేళ్ళుగా ఉన్నాడు. తన ఇంటి పక్కనే ఉన్న ఖాళీ సగాన్ని అమ్ముతానన్నాడు. అన్న పక్కనే ఉండొచ్చని వదిన పొంగిపోయింది. మాట కుదుర్చుకునే రోజున నన్నూ రమ్మన్నారు. సన్యాసి ఇంటి వెనక షెడ్డులో చాప పరిచి, మాట ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఇక్కడ అందరూ తాగే యాంగోనా వేరు పొడిని గిన్నెలో నీళ్ళతో కలిపి కూర్చున్నాం. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

సన్యాసి ధర చెప్పాడు. పక్క వీధిలో అంత జాగా అంతకి సగం కంటే కొంచెం ఎక్కువకి వస్తుందని నాకు తెలుసు. అప్పన్నకీ తెలుసు, నెల రోజులుగా ఊరంతా తిరిగి అడిగాడు. నా వైపు చూశాడు. నేను యాంగోనా పోసిన కొబ్బరి చిప్ప వైపు చూశాను. మనవాళ్ళలో ఇంటి ఆడమనిషి అన్నతో, ఆవిడ ఎదురుగా, యాంగోనా ముందు బేరం ఆడడమంటే ఆవిడ పుట్టింటిని బజారులో నిలబెట్టినట్టే. అప్పన్న ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి చిప్ప అందుకున్నాడు.

"ఠీక్ హై, బావా. నువ్వు చెప్పిందే మాట" అన్నాడు.

"నా చెల్లికి కాబట్టి ఈ రేటు. బయటోడికైతే ఇవ్వను" అన్నాడు సన్యాసి.

వదిన కళ్ళు తుడుచుకుంది. అన్న దయ తలిచాడని ఆవిడ నమ్మకం. ఆ రోజు ఆ షెడ్డులో నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం, తెలియనిది ఆవిడ ఒక్కర్తే.

వీధికి ఒక్క అమ్మకం

ఏడాది తిరక్కుండా ఊరంతటికీ కొత్త విలువలు కట్టే పని వచ్చింది. హార్‌గ్రీవ్ ఎప్పుడో వెళ్ళిపోయాడు. సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన తర్వాత మా ఆఫీసులో చదువుకున్న సగంమంది దేశం వదిలారు. మిగిలినవాళ్ళలో నేనే పెద్దవాణ్ణి. అందుకని సంతకం నాది.

నేల విలువ కట్టడానికి ఖాళీ స్థలం అమ్మకమే అన్నిటికన్నా మంచి ఆధారం. ఇల్లున్న స్థలమైతే ఇంటి ఖరీదు తీసేయాలి, అందులో వాదనలు వస్తాయి. అప్పన్న వీధిలో ఆ ఆరేళ్ళలో అమ్ముడుపోయిన ఖాళీ స్థలం ఒక్కటే. అది అప్పన్నది.

మా నియమం చాలా స్పష్టంగా ఉంది. కొన్నవాడూ అమ్మినవాడూ ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. ఇద్దరికీ బంధుత్వం ఉంటే ఆ అమ్మకాన్ని పక్కన పెట్టాలి. కాగితంలో అమ్మినవాడి పేరు పక్కన వాళ్ళ నాన్న పేరు, కొన్నవాడి పేరు పక్కన వీళ్ళ నాన్న పేరు. ఆడవాళ్ళ వైపునుంచి వచ్చే చుట్టరికం మా కాగితాల్లో ఎక్కడా కనపడదు. అది చాప మీద కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

నేను చేయాల్సింది ఒకటే. ఫైల్లో ఒక పంక్తి: వీళ్ళిద్దరూ బావాబావమరుదులు, ఆ ధర బజారు ధర కాదు, బేరం జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పెన్ను తీశాను కూడా. అప్పుడు మిఠాయి పళ్ళెం గుర్తొచ్చింది. నారాయణ మళ్ళీ మనవాడి కోసం తగ్గించాడంటారు. బేరంలో కూర్చున్నాడట, వాటా ఎంతో అంటారు. రిటైర్మెంట్ దగ్గర పడుతున్న వయసు. పెన్ను మూసేశాను. అప్పన్న కట్టిన ధరని ఆధారంగా పెట్టి, వీధి మొత్తానికీ దాని ప్రకారం విలువ కట్టాను. నాకు అప్పుడు సిగ్గు వేయలేదు. ఇంకా చెప్పాలంటే, ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరని కొంచెం గర్వపడ్డాను.

మా కొత్త టౌన్ క్లర్క్‌కి ఆ విలువలు బాగా నచ్చాయి. ఆయనకి ఏ విలువైనా ఎక్కువగా ఉంటే నచ్చేది. డాలరుకి ఇన్ని సెంట్లు అన్నదాన్ని మాత్రం పైసా తగ్గించలేదు.

అభ్యంతరాల రోజు

వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు అభ్యంతరం రాసిచ్చారు. విచారణ కౌన్సిల్ హాల్లో పెట్టారు. ఛైర్మన్ బయటనుంచి వచ్చిన లాయరు. నేను కౌన్సిల్ వైపు బల్ల దగ్గర ఫైళ్ళతో కూర్చున్నాను. ఎదురుగా కుర్చీల్లో వీధి వీధంతా. ముందు వరసలో సన్యాసి, అతని పక్కన అప్పన్న, వదిన.

మొదట సన్యాసి లేచాడు. పక్క స్థలం ఎక్కువ ధరకి అమ్ముకున్న పాపం ఇప్పుడు అతని ఇంటి రేట్స్‌కే చుట్టుకుంది. ఈ వీధి నేలకి అంత విలువ లేదు సార్ అన్నాడు.

"మీరే కదా అంతకి అమ్మారు?" అన్నాడు ఛైర్మన్.

హాల్లో నవ్వులు. సన్యాసి చెమట తుడుచుకుని కూర్చున్నాడు. చెల్లెలి మొగుడి దగ్గర ఎక్కువ తీసుకున్నానని నలుగురిలో ఎట్లా ఒప్పుకుంటాడు?

తర్వాత అప్పన్న. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. ఛైర్మన్ మర్యాదగానే అడిగాడు. మీరు కట్టిన ధర ఆ స్థలానికి ఎక్కువని మీ అభిప్రాయమా? అలా అయితే ఎందుకు కట్టారు?

ఒక్క మాట చాలు. అమ్మినాయన నా భార్య అన్న అంటే ఛైర్మన్ ఆ క్షణమే ఆ అమ్మకాన్ని కొట్టేసేవాడు. పద్నాలుగు ఇళ్ళూ బతికేవి. చుట్టరికం ఉంటే లెక్క మారుతుందన్న నియమం వీధిలో మిగతావాళ్ళకి తెలియదు. అప్పన్న నోరు తెరిచాడు. వదిన మొహంలోకి చూశాడు. ఆవిడ అన్న పక్కన కూర్చుని, ఏం జరుగుతోందో సగం అర్థమై సగం అర్థం కాక, చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నహీ సాహెబ్. ధర సరిగ్గానే ఉండె" అన్నాడు అప్పన్న.

ఛైర్మన్ నా వైపు తిరిగాడు. కౌన్సిల్ తరఫున చేర్చాల్సింది ఏమైనా ఉందా అని అడిగాడు. అప్పన్న కూడా నా వైపు చూశాడు. ఆయన తన భార్య పరువు కోసం నోరు మూసుకున్నాడు. నేను చెబుతానని, చెప్పాల్సినవాణ్ణి నేనేనని, ఆ చూపులో ఉంది. నేను చెబితే ఆయన మాట పోదు. వదిన నన్ను తిట్టుకునేది, అంతే.

"నథింగ్ టు యాడ్, సర్" అన్నాను.

పద్నాలుగు అభ్యంతరాలూ కొట్టేశారు.

ముందు పెయింటు పోతుంది

రేట్స్ పెరిగితే ఇల్లు అద్దెకిచ్చుకునేవాళ్ళకి ఏమవుతుందని మీటింగుల్లో చాలా లెక్కలు చూపిస్తారు. నేను చూసింది చెబుతాను. ముందు పెయింటు పోతుంది. తర్వాత వాన గొట్టం విరిగితే ఇనప తీగతో కడతారు. ఆ తర్వాత గొడవలేని అద్దెదారుని వెళ్ళనిచ్చి, ఎక్కువిస్తానన్న వాడెవడో తాగుబోతైనా సరే దించుకుంటారు. ఇవన్నీ రోడ్డు మీద నడుస్తూ చూడొచ్చు, ఫైలు అక్కర్లేదు.

అప్పన్న ఈ మూడూ చేశాడు. పైగా ఆ తర్వాత అద్దెలు పెంచకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. అద్దెకుండేవాళ్ళ మంచికోసమే వేసింది, నేను కాదనను. కానీ ఒకవైపు అద్దె పెరగదు, మరోవైపు రేట్స్ ఆగవు. మధ్యలో ఫ్లాట్లు కట్టడానికి తీసుకున్న బ్యాంకు అప్పు. మూడు ఫ్లాట్లమీద బతకాలనుకున్న మనిషి అరవై దాటాక రాత్రి కాపలా ఉద్యోగానికి వెళ్ళాడు. వదిన రొట్టెలు చేసి బస్ స్టాండులో అమ్మింది. బస్ స్టాండు మా ఆఫీసుకి ఎదురుగానే. నేను వెనక గుమ్మంలోనుంచి వెళ్ళేవాణ్ణి.

అదే ఊళ్ళో ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. అన్ని వీధుల్లోనూ అతనికి ఫ్లాట్లున్నాయి. అతన్ని రేట్స్ ఎప్పుడూ ఏమీ చేయలేదు. ఒక్క స్థలం మీద మూడంతస్తులు లేపి పన్నెండు కాపురాలు పెడితే, ఆ నేల మీద పన్ను పన్నెండు అద్దెల్లో కలిసిపోతుంది. ఒకసారి ఆఫీసుకొచ్చి నా ఎదురు కుర్చీలో సుఖంగా కూర్చుని నవ్వుతూ ఒక మాటన్నాడు. మీరు రేట్స్ పెంచుతుంటే నాకు అమ్మేవాళ్ళు పెరుగుతారు సార్, మీరు నాకు ఏజెంటు కమిషన్ కూడా అడగరు అన్నాడు. అతను దొంగ కాదు. చట్టాన్ని నాకంటే బాగా చదివాడు. నన్నడిగితే, నేల మీద మాత్రమే పన్ను వేసే పద్ధతిలో డబ్బున్నవాడు ఎదుగుతాడు, ఉన్నదంతా ఒక్క స్థలంలో పెట్టినవాడు పోతాడు. హార్‌గ్రీవ్ బతికుంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన ఎప్పుడూ ఒక్క ఫ్లాటు కూడా అద్దెకివ్వలేదు.

కొత్తగా చేరేవాళ్ళకి చెప్పాల్సింది ఒకటుంది. మీకు తెలిసినదాన్ని కాగితం మీద పెట్టండి. చాప మీద తెలిసినా, పెళ్ళిలో తెలిసినా, చుట్టరికం వల్ల తెలిసినా సరే. నాకీ మనిషి తెలుసు, అందుకని ఈ ఫైలు ఇంకొకరు చూడాలి అని రాసి పక్కకి జరగండి. మహా అయితే నాలుగు రోజులు గుసగుసలాడతారు. నేను మావాళ్ళకి మేలు చేస్తున్నానని ఎవరూ అనకూడదని మావాళ్ళకే అన్యాయం చేశాను. అది న్యాయమని జనం మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

అప్పన్న అమ్మకం

నేను రిటైరయ్యే ఏడాది అప్పన్న స్థలం, నాలుగు ఫ్లాట్లు కలిపి అమ్మేశాడు. రేట్స్ బకాయి ఉందని కౌన్సిల్ నోటీసు పంపింది. బ్యాంకు ఇంకో నోటీసు పంపింది. కొన్నది ఆ కాంట్రాక్టరే. అతను ఇచ్చిన ధరలోంచి ఫ్లాట్ల ఖరీదు తీసేస్తే నేలకి దాదాపు ఏమీ మిగల్లేదు. సన్యాసి అప్పటికి పోయాడు. అప్పన్న నవాకా వైపు ఎవరి పొలంలోనో ఒక గది అద్దెకి తీసుకున్నాడని విన్నాను. ఎవరూ లేచిపొమ్మనని నేల కావాలన్న మనిషి అద్దె గదిలో దిగాడు.

బకాయి కట్టినట్టు రసీదు తీసుకోవడానికి వదిన వచ్చింది. అప్పన్నకి మోకాళ్ళు పట్టేశాయట. కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి భోజనానికి వెళ్ళింది. నేనే లేచి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్విందో నాకిప్పటికీ తెలియదు.

"బాగున్నావా, నారాయణా?"

"బాగున్నాను వదినా. అన్న ఎలా ఉన్నాడు?"

"ఏం బాగు? కూచున్నాడు." రసీదు వైపు చూసింది. "ఒక మాట అడగాలె నిన్ను. మా వీధి ఆడోళ్ళు అడగమన్నారు. మేం ఇంత సస్తాగా అమ్మినాం కదా. మేం ఎక్కువకి కొంటే అందరి రేట్సూ పెరిగినాయి. ఇప్పుడు తక్కువకి అమ్మినాం. మరి వాళ్ళ రేట్స్ తగ్గుతాయా? మా ఇల్లు పోయినా వాళ్ళకన్నా మంచిదైతే బస్."

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. నియమాల పుస్తకంలో పేజీతో సహా ఉంది.

"తగ్గవు వదినా. మీరు ఇష్టంగా కొన్నారు కాబట్టి ఆ ధర లెక్కలోకి వచ్చింది. ఇప్పుడు మీరు ఇష్టంగా అమ్మలేదు. ఇలాంటిదాన్ని బలవంతపు అమ్మకం అంటారు. అది లెక్కలోకి రాదు."

ఆవిడ ఆ మాటని నెమ్మదిగా తనలో తను అనుకుంది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"బలవంతమా? ఎవరు చేసినారు?"

నేను రసీదు మీద ముద్ర కొట్టి ఆవిడ వైపు జరిపాను. ఆవిడ దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని, "పోయొస్తా నారాయణా, బస్సు టైమయింది" అని వెళ్ళింది.

మధ్యాహ్నం ఆ అమ్మకం కాగితం నా బల్ల మీదికి వచ్చింది. బలవంతపు అమ్మకం, పరిగణించరాదు అని రాసి సంతకం పెట్టాను.